పెట్రోలు బంకు ముందా, సరుకుల బండి ముందా?

గడచిన సర్వసభ్య సమావేశమున ఒక సభ్యుడు లేచి, "మన సంఘము తరఫున పెట్రోలు బంకు పెట్టవలెను" అని ప్రతిపాదింపగా సభలో సగమునకు పైగా చప్పట్లు మ్రోగినవి. ఆ ప్రతిపాదన రానున్న సమావేశమునకు వాయిదా వేయబడినది. నేను వ్యవసాయ ప్రదర్శకుడను. సంఘమున నాకు వాటా లేదు, ఓటు లేదు. కాని ఈ పత్రికవారు నా అభిప్రాయము వ్రాయుమని కోరినందునను, ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో అనేకులు నాకు నిత్యపరిచితులగుటచేతను, వారికి అడ్డుపడు సాహసము చేయుచున్నాను. బంకు వలదనుట నా ఉద్దేశము కాదు. దానికి ముందు చేయవలసిన పని యొకటి కలదనియు, అది చేయక బంకు పెట్టినచో సంఘమునకు వచ్చు లాభము సభ్యుని జేబునుండి వచ్చినదే యగుననియు నా వాదము.

2023వ సంవత్సరమున ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు పెట్రోలు, డీజిలు అమ్ముకొనుటకు ప్రభుత్వము త్రోవ చూపినది. అందుచే ప్రతిపాదించిన సభ్యుడు గాలిలో మాటాడలేదు. అయితే ఒక్క సంగతి ఆయన సభకు చెప్పలేదు. ఎరువుల కొట్టులో బేరమున్నట్లు పెట్రోలు బంకులో బేరము లేదు. ధర నిర్ణయించువారు నూనె కంపెనీలవారు. బంకు యజమానికి లీటరునకు కొలది రూపాయల కమీషను మాత్రమే లభించును. కావున మన బంకులో పోయించుకొన్నను, పట్టణపు బంకులో పోయించుకొన్నను సభ్యుడు చెల్లించునది దాదాపు ఒక్కటే. దూరము పోవు శ్రమ తగ్గును, ఖర్చు తగ్గదు. పైగా మన సభ్యులెంత ఎక్కువ కాల్చిన సంఘమున కంత ఎక్కువ కమీషను. సభ్యుని ఖర్చు పెరిగినప్పుడు లాభించు వ్యాపారమును సహకార వ్యాపారమని పిలుచుటకు నాకు నోరు రాదు.

ధర తగ్గునని కాచుకొని కూర్చుండువారు మన గ్రామములలో ఇంకను కలరు. వారికొరకు కొంచెము పూర్వచరిత్ర చెప్పవలసియున్నది. మన దేశము వాడుకొను ముడినూనెలో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చునదే. 1973లో పశ్చిమాసియా యుద్ధము వచ్చినప్పుడు పీపా మూడు డాలర్లుండినది కొలది మాసములలోనే పండ్రెండు డాలర్ల దాపునకు ఎగబ్రాకినది. 1990లో కువైటు దండయాత్ర, 2022లో ఉక్రేను యుద్ధము ఆ ముచ్చటనే మరల చూపించినవి. ఇవి యందరెరిగినవే. ఎరుగనిది రెండవ వైపు. 2020 వేసవిలో, మహమ్మారి కాలమున, ప్రపంచమంతట నూనె కొనువాడు లేక ధర కూలిపోయినది. ఆ మే మాసముననే మన కేంద్రప్రభుత్వము పెట్రోలుపై లీటరునకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకము పెంచినది. లోకమున దిగిన ధర మన బంకువరకు దిగిరాలేదు. 2021లో మన జిల్లాలలో పెట్రోలు నూరు దాటినది. అటుపిమ్మట రెండుమారులు సుంకము తగ్గించిరి. అయినను నూరునకు దిగువకు రాలేదు. ఎక్కునప్పుడు నిచ్చెన వేయుదురు, దిగునప్పుడు తీసివేయుదురు. ప్రభుత్వమును నిందించుటకై దీనిని వ్రాయలేదు. ఆ సుంకముతోనే రోడ్లును పథకములును నడచుచున్నవి. ధర తగ్గునన్న ఆశతో మన యేర్పాట్లను వాయిదా వేయరాదని చెప్పుటకే వ్రాసితిని.

ఇక మన పెట్రోలు ఎక్కడికి పోవుచున్నదో చూతము. మండల కేంద్రమునకు 12 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామమును తీసికొందము. రాకపోకలకు 24 కిలోమీటర్లు. నడివయస్సు మోటారు సైకిలు లీటరునకు 50 కిలోమీటర్లు నడచుననుకొనిన, ఒక్కమారు పోయివచ్చుటకు అరలీటరునకు కొంచెము తక్కువ, అనగా సుమారు 50 రూపాయలు. వారమునకు మూడుమారులు పోవు రైతునకు సంవత్సరమునకు 7,800 రూపాయలు. యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు గదా. ఆ సొమ్ముతో 29 బస్తాలు వచ్చును. బండి మరమ్మతు, చక్రపు రబ్బరు, రోడ్డుమీద పోగొట్టిన పూట ఇందులో చేర్చలేదు.

పోనిండు, ఆ మూడు ప్రయాణములును పంటకు పనికివచ్చినవేనా? నేను రైతుల వెంబడి తిరుగువాడను గనుక చెప్పగలను. మొదటి ప్రయాణము "సరుకు వచ్చినదా?" అని అడుగుటకు. రెండవది, వచ్చినదని విని పోయి, కాగితము మరచినందున తిరిగివచ్చుటకు. మూడవది నిజముగ బస్తాలు తెచ్చుటకు. 2025 ఖరీఫులో యూరియాకై తెల్లవారకమునుపే వరుసలలో నిలిచిన దినములు అప్పుడే మరచితిమా? ఆ వరుసల ప్రక్కన నిలిచిన మోటారు సైకిళ్లు ఎన్ని! ఒక్కొక్క బండి రెండు బస్తాలకు వచ్చినది; అనేకములు రిక్తముగ మరలినవి. ఒక బస్తాకై మూడుమారులు పోయిన రైతునకు దారిఖర్చే నూటయేబది. ప్రభుత్వము బస్తాపై ఇచ్చు తగ్గింపులో కొంతభాగమును మనము తారురోడ్డుపై పొగచేసి వదలుచున్నాము.

ఇతరులను అన్నప్పుడు నన్ను నేను విడిచిపెట్టుకొనుట న్యాయము కాదు. నేను మిషను పాఠశాలలో చదివినవాడను. మా పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పిన మేష్టరుగారు చుట్టుప్రక్కల ఐదారు గ్రామముల పిల్లలను చూచుటకు సైకిలుపై తిరిగెడివారు. ఏ వారము ఏ గ్రామమో అందరకును తెలియును. మంగళవారము వచ్చెనా, మా యూరి అరుగుమీద నలుగురు పెద్దలు, పదిమంది పిల్లలు ఆయనకొరకు సిద్ధముగ నుండెడివారు. ఆయన ఒక్కపూటలో పది పనులు చక్కబెట్టుకొని పోయెడివారు. నేను ఉద్యోగమున చేరిన పిమ్మట మోటారు సైకిలు వచ్చినది, దానివెంట సెల్ ఫోను వచ్చినది. ఉదయము ఒక రైతు పిలిచిన తూర్పునకు, మధ్యాహ్నము మరియొకడు పిలిచిన పడమటికి, సాయంకాలము మరల తూర్పునకే పరుగులు. ఎక్కువ తిరిగితిని గనుక ఎక్కువ పని చేసితినని భ్రమించితిని. ఒక సంవత్సరము ఆఖరున నా దినచర్య పుస్తకము తిరుగవేసి చూడగా, ఒకే గ్రామమునకు ఒకే వారమున నాలుగుమారులు పోయి, ప్రక్క గ్రామమునకు నెలయంతయు పోలేదని తేలినది. ప్రక్క గ్రామపు రైతులు అడుగలేదు. అడుగనివారికి చీడ పట్టకుండునా? నాటినుండి గ్రామమునకొక దినము నియమించుకొంటిని. ఫోను చేసినవారికి ఆకు పొటో పంపుడనియు, తొందరలేనిచో నా దినమున చూతుననియు చెప్పుచున్నాను. నా పెట్రోలు ఖర్చు సగమునకు దిగినది. అంతకంటె విశేషమేమన, ఒక్కని చేనిలో చెప్పినమాట పదిమంది వినుచున్నారు.

సంఘము చేయవలసిన పనికి నమూనా మనకు క్రొత్తదేమియు కాదు. మన గ్రామముననే ప్రతిదినము తెల్లవారుజామున జరుగుచున్నది. పాలకేంద్రము ముందు నూరిండ్ల పాలు క్యానులలో చేరును. ఒక్క బండి వచ్చి ఎత్తుకొనిపోవును. ఒక్కొక్క ఇల్లాలు తన రెండు లీటర్లను పట్టణమునకు మోసికొనిపోవలెనన్న పాడి ఏనాడో అంతరించియుండును. 1946లో గుజరాతులోని ఖైరా జిల్లా రైతులు ఆనందులో సంఘము కట్టుకొన్నప్పుడు వారు సాధించిన వానిలో ఈ ఒక్కబండి పద్ధతియే నా దృష్టికి మిక్కిలి గొప్పది. పాలు నూరిండ్లనుండి ఒక బండిలో పోవుచుండగా ఎరువు నూరు బండ్లలో నేల రావలెను? పోవు సరుకునకు తెలిసిన తెలివి వచ్చు సరుకునకు తెలియకపోవుట వింత.

కాని ఇచట తొందరపడరాదు, లెక్క వేయవలెను. చిన్న ట్రాలీ ఆటోలో పదునారు బస్తాలు తెచ్చుకొందమని కొందరు యువకులు చెప్పిరి. వేసి చూచితిని: కిరాయి 600 రూపాయలైనచో బస్తాకు ముప్పదియేడున్నర పడును. మోటారు సైకిలుపై రెండు బస్తాలు ఒక్క ప్రయాణమున తెచ్చినవానికి బస్తాకు పాతికయే. ఇందులో లాభమేమున్నది? అదే ట్రాక్టరు ట్రక్కులో 80 బస్తాలు వేసి 1,200 కిరాయి ఇచ్చినను బస్తాకు 15 రూపాయలు. అనగా బండి పెట్టినంతమాత్రమున చాలదు, బండి నిండవలెను. బండి నిండుటకు ముందుగ ఎవరికేమి కావలెనో వ్రాసియుండవలెను. ఇండెంటు పుస్తకము లేని సరుకుల బండి మన సంఘమునకు మరియొక నష్టపు పద్దు మాత్రమే యగును.

ఈ మాట ఎత్తినప్పుడెల్ల మన పెద్దలలో ఒకరో ఇద్దరో, "ఎద్దులను అమ్ముకొన్ననాడే మన బ్రదుకు చెడినది, మరల ఎడ్లబండి కట్టుడు, పెట్రోలుతో పనిలేదు" అందురు. వారి బాధ నాకు అర్థమగును. ఒంగోలు గిత్తల జంటను చూచి కన్నులు చెమర్చని రైతు నేను చూడలేదు. ఆ జాతి సముద్రము దాటి బ్రెజిలులో నెల్లూరి పేరట లక్షలాదిగ వృద్ధిపొందినది. పుట్టినచోట కొట్టములు బోసిపోయినవి. అయినను నిజము చెప్పవలెను. ట్రాక్టరు పని లేనినాడు డీజిలు త్రాగదు. ఎద్దులు పనిలేని దినమునను మేయును. వరికోత యంత్రము వచ్చిన పిమ్మట గడ్డి కట్టగ చేతికి రావలెనన్న మరల కట్టల యంత్రమునకు కూలి యియ్యవలెను. పాలేరు దొరకడు. దొరికిన జీతము ఎద్దుల మేతను మించును. రెండెకరముల రైతు ఒక జత నంతయు తానే పోషింపజాలడు. కావున ఎద్దులు లేనివారిని ఎద్దులు కొనుడని నేను చెప్పను. ఇంకను జతను నిలుపుకొన్నవారిని మాత్రము అమ్మవలదని ప్రాధేయపడుదును. రబ్బరు చక్రముల బండి మంచి గట్టిబాటపై ఒక టన్ను సునాయాసముగ లాగును. దిబ్బయెరువు చేనికి తోలుట, కళ్లమునుండి గోదామునకు బస్తాలు చేర్చుట, పచ్చిమేత తెచ్చుట వంటి ఊరి పొలిమేర దాటని పనులకు ట్రాక్టరును కదలించుట దోమపై రోకలి యెత్తుట వంటిది. జత గలవారికి అట్టి పనులు కిరాయికి వరుసగ దొరకునట్లు సంఘము చూచిన వారి మేతఖర్చు వారికి గిట్టును.

డెల్టా వాసులకు మరియొక జ్ఞాపకము కలదు. 1852 నాటికి కాటన్ దొరగారు ధవళేశ్వరము ఆనకట్ట ముగించినప్పుడు కాలువలను నీరు పారుటకు మాత్రమే త్రవ్వింపలేదు. పడవలు నడచుటకుగూడ త్రవ్వించిరి. విజ్జేశ్వరమునుండి ఏలూరుమీదుగ బెజవాడవరకు, అటనుండి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల ద్వారా చెన్నపట్టణమువరకు మన ధాన్యము నీటిపై పోయినది. పడవవారు గట్టున నడచుచు త్రాటితో లాగెడివారు. గాలి వాటమైన తెరచాప ఎత్తెడివారు. లాకులు ఇప్పటికిని పలు గ్రామములలో నిలిచియున్నవి. పిల్లలు వానిపై కూర్చుండి గాలములు వేయుచున్నారు. 2008లో కాకినాడ పుదుచ్చేరి కాలువలను గోదావరి, కృష్ణా నదులతో చేర్చి 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. ధాన్యపు పడవ మాత్రము మన లాకులలోనికి తిరిగి రాలేదు. కాలువలు పూడినవి, వంతెనలు క్రుంగువుగ కట్టబడినవి. ఇది మన సంఘము శక్తికి మించిన పని. అయినను కాలువ మరమ్మతుల సమయమున ఇంజనీరుల చెవిని ఈ మాట వేయుచుండుట మంచిది.

ఇక బస్సు. తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండియు ఆడువారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. విత్తనాల పొట్లము, మందుసీసా, బ్యాంకి పుస్తకముపై పద్దు వంటి పనులను ఇంటి యాడువారు చక్కబెట్టుటకు ఇది మంచి యవకాశము. ఆడువారు వ్యవసాయపు పనిపై దుకాణమునకు పోవుట మర్యాద కాదను మాట ఇంకను కొన్ని ఇండ్లలో వినవచ్చుచున్నది. నాట్లువేయుట, కలుపుతీయుట మర్యాదయైనప్పుడు విత్తనము కొనుట కాకపోవుట యెట్లో నా కర్థము కాదు. కాని బస్సు మన యూరికి దినమునకెన్నిమారులు వచ్చుచున్నది? రాని బస్సులో ఉచితము ఎవరికి? ఉదయము ఎనిమిదిగంటలకొకటి, మధ్యాహ్నము రెండుగంటలకొకటి కావలెనని డిపో మేనేజరుగారికి సంఘము తీర్మానము చేసి పంపవలెను. సంతకములు పెట్టించు పని నేను చేయుదును.

బ్యాటరీ బండ్లను గూర్చి యువకులు నన్ను తరచుగ అడుగుచున్నారు. మూడు యూనిట్ల విద్యుత్తు పట్టు స్కూటరు సుమారు నూరు కిలోమీటర్లు నడచును. ఇంటి మీటరు రేటున లెక్కించిన ఇరువది ముప్పది రూపాయలు మించదు. పెట్రోలు బండిపై ఆ దూరమునకు రెండులీటర్లు కావలెను. అయితే కొనుగోలు ధర, కొన్నియేండ్ల పిమ్మట బ్యాటరీ మార్చుఖర్చు ముందుగనే తెలిసికొని కొనుడు. దినమునకు ముప్పది నలుబది కిలోమీటర్లు తప్పక తిరుగువానికి గిట్టును; వారమునకు రెండుమారులు తిరుగువానికి గిట్టదు. ఇంకొక మాట చాటుగ చెప్పవలసినది బాహాటముగ చెప్పుచున్నాను: పొలము మోటారు షెడ్డులోని ఉచిత విద్యుత్తుతో స్కూటరు నింపుకొనుట దొంగతనము. ఆ విద్యుత్తు పైరునకిచ్చినది.

పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెరకు, మొక్కజొన్న, నూకలనుండి తీయబడునది గనుక ఇది రైతు పెట్రోలని కొందరు సంతోషించుచున్నారు. మొక్కజొన్నకు గిరాకి పెరుగుట మేలే. కాని ఇథనాలునకు పెట్రోలులో మూడింట రెండువంతుల శక్తియే యుండును. బండి కొంచెము తక్కువ నడచును. లీటరు ధర మాత్రము తగ్గలేదు. అమ్మినవానిగ ఒక చేత పుచ్చుకొన్నది కొన్నవానిగ రెండవచేత కొంత ఇచ్చివేయుచున్నాము.

డీజిలు సంగతి వేరుగ వ్రాయదగినంత పెద్దది. ఒక్కటి మాత్రము ఇచటనే చెప్పెదను. వరి తరువాత మినుము, పెసర వేయుటకు మన పెద్దలు దున్నలేదు. కోతకు రెండుమూడు దినములముందు పైరులోనే చల్లిరి. కోతయంత్రము చక్రములు మొలకను త్రొక్కుచున్నందున ఆ పద్ధతి పలుచోట్ల వెనుకబడి, దున్నుటకు డీజిలు ఖర్చు వచ్చినది. వరిమాగాణిలో దున్నకయే మొక్కజొన్న విత్తు పద్ధతి గుంటూరు, కృష్ణా ప్రాంతములలో నిలద్రొక్కుకొన్నది. మన గ్రామమున ఈ రబీలో ఒక యెకరము ఇచ్చువారున్నచో చేసి చూపుదును.

నా ప్రతిపాదన యిది. ప్రతి శనివారము సాయంకాలములోగా సభ్యుడు తనకు కావలసిన ఎరువు, విత్తనము, మందు ఇండెంటు పుస్తకమున వ్రాయింపవలెను. ఫోనులో చెప్పినను గుమాస్తా వ్రాసికొనును. సోమవారము ఒక్క ట్రక్కు పోవును. 60 బస్తాలు నిండనిచో ఆ వారము పోదు. ఆ సంగతి ఆదివారముననే తెలుపబడును. కిరాయి బస్తాల లెక్కను పంచవలెను. పోవునప్పుడు ట్రక్కు వట్టిగ పోరాదు. అపరాలో, మిరపకాయలో, మట్టి నమూనాలో ఏదో యొకటి తీసికొనిపోవలెను. ఈ పద్ధతి ఒక సంవత్సరము నడచి లెక్కలు తేలినపిమ్మట బంకు విషయము ఆలోచింతము. అప్పటికి మనకు నిజముగ కావలసిన పెట్రోలు ఎంతయో తెలియును గదా; నేడు తెలియదు.

దీనికి ఆక్షేపణలు నేను వినియున్నాను. "పురుగు సోమవారమువరకు ఆగునా?" అని ఒకరడిగిరి. ఆగదు. అందుకే అత్యవసరమైన నాలుగైదు మందులు గోదామున కొద్దిగ నిలువ యుంచవలెను. ఏవి యుంచవలెనో సీజనునకు ముందు నేను పట్టీ ఇచ్చెదను. అయినను అవసరమైనచో మోటారు సైకిలు ఉండనే యున్నది, ఎవరును లాగికొనిపోరు. "మాకు అప్పు ఇచ్చు దుకాణము వేరు, సంఘము వేరు" అని మరియొకరన్నారు. ఇది బరువైన ఆక్షేపణ. పట్టణపు దుకాణమునకు పైరుమీద అప్పుపడిన రైతు అచటనే కొనవలసియుండును. అతని పేరు ఇండెంటు పుస్తకమున చేరదు. సంఘము పంటఋణము సకాలమున ఇయ్యని చోట సరుకుల బండి సగమే నిండును. ఆ తప్పు రైతుపై వేయవలదని పాలకవర్గమునకు మనవి. మూడవ ఆక్షేపణ నవ్వుచు చెప్పబడినది: "పట్టణమునకు పోనిచో టీ యెక్కడ త్రాగుదుము, లోకము కబుర్లెక్కడ విందుము?" నిజమే. మనుజుడు బస్తాలకొరకే బ్రదుకడు. టీకి పోవుటను నేను ఖండింపను. టీకి పోయి ఎరువునకు పోయితినని ఇంట చెప్పుటను మాత్రము లెక్కలోనికి తీసికొనుచున్నాను.

ఇండెంటు పుస్తకమును గోదాము గుమాస్తాగారు ఇప్పటికే కుట్టించి బల్లమీద పెట్టినారు. తీర్మానము కాకమునుపు సభ్యుల పేర్లు వ్రాయుట పద్ధతి కాదు గనుక మొదటి పుటలో నా పద్దు మాత్రమే కలదు: మట్టి నమూనాల సంచులు పండ్రెండు, పోవు బండిలో చోటు కావలెను, కిరాయి నేను చెల్లింతును.